ప్రతి గీతకూ కారణం రాసుకుంటూ: నెట్‌వర్క్ డయాగ్రమ్ గీసిన నా అనుభవం

రెండు బేస్‌మెంట్లు, వాటిమీద ఆరు అంతస్తులు ఉన్న ఒక ఆఫీసు భవనానికి నెట్‌వర్క్ డయాగ్రమ్, అంటే ఏ పని తర్వాత ఏ పని రావాలో గీతలతో కలిపి చూపే పటం, తయారు చేసే పని నాకు అప్పగించారు. టెండర్ సమయంలో వేసిన బార్ చార్ట్ ఒకటి అప్పటికే ఉంది. ఏ పని ఏ నెలలో మొదలై ఎప్పుడు ముగుస్తుందో అందులో చక్కగా కనిపిస్తుంది. కానీ ప్లాస్టరింగ్ ఆ నెలలోనే ఎందుకు మొదలవ్వాలి, ఇంకో వారం ముందు మొదలుపెడితే ఎవరికి అడ్డం అని అడిగితే ఆ చార్ట్ ఏమీ చెప్పదు. పనికీ పనికీ మధ్య ఉన్న సంబంధం చార్ట్ వేసిన మనిషి తలలోనే ఉండిపోయింది, ఆ మనిషి ఇప్పుడు మా దగ్గర లేడు. “సాఫ్ట్‌వేర్ తర్వాత తెరుద్దాం, ముందు గోడమీద గీయండి” అన్నారు మా ప్రాజెక్ట్ మేనేజర్. ఈ పని నాకు లోతుగా అర్థమైందంటే ఆ మాట వల్లే.

ముందు పనుల జాబితా. డ్రాయింగులు, బిల్ ఆఫ్ క్వాంటిటీస్ (ఏ పని ఎంత పరిమాణమో చెప్పే పట్టిక) పక్కన పెట్టుకుని భవనాన్ని భాగాలుగా, ఒక్కో భాగాన్ని పనులుగా విడగొట్టాను. ఎంత చిన్నగా విడగొట్టాలి అన్న దగ్గరే చాలామంది తడబడతారు. నేను పెట్టుకున్న కొలత ఇది: ఒకే ముఠా, ఒకే చోట, మధ్యలో ఆపకుండా చేసేదే ఒక పని. అది అయిపోయిందా లేదా అన్నదానిమీద ఇద్దరి మధ్య వాదన రాకూడదు. ఈ లెక్కన ‘ప్లంబింగ్’ అనేది పని కాదు. ‘రెండో అంతస్తు టాయిలెట్ గోడల్లో పైపులు వేసి ప్రెషర్ టెస్ట్ ముగించడం’ పని.

అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టులను పర్యవేక్షించే డీసీఎంఏ సంస్థ షెడ్యూళ్లను 14 అంశాల్లో పరీక్షిస్తుంది. వాటిలో ఒకటి, 44 పనిదినాలు మించిన పనులను వేలెత్తి చూపడం. మామూలు భవనానికి ఆ హద్దు మరీ వదులు అని నా అభిప్రాయం. 44 పనిదినాలంటే దాదాపు రెండు నెలలు. పని నత్తనడక నడుస్తోందని రెండో నెల చివర్లో తెలిస్తే సర్దుకోవడానికి ఏం మిగులుతుంది? అందుకే సైట్ పనులను రెండు మూడు వారాలు దాటనివ్వలేదు.

జాబితాలో మట్టి, కాంక్రీటు మాత్రమే ఉంటే సరిపోదు. డ్రాయింగ్ పంపడం, ఆమోదం రావడం, శాంపిల్ ఓకే చేయించడం, ఆర్డర్ పెట్టడం, ఫ్యాక్టరీలో తయారీ, రవాణా ఇవన్నీ కూడా పనులే. లిఫ్టులు, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్, ఎలక్ట్రికల్ ప్యానెళ్ల లాంటివి సైట్‌కి రావడానికి నెలలు పడతాయి. వాటి గొలుసు మొత్తం సైట్ బయటే నడుస్తుంది కాబట్టి సైట్‌లో తిరిగేవాళ్ల కంటికి ఆనదు.

ఇక గీసే పద్ధతి. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ (ఏ ఒక్కటి ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టే ఆలస్యమయ్యే పనుల గొలుసు) పద్ధతిని రూపొందించారు. ఇంచుమించు అదే కాలంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ అనే ఇలాంటి పద్ధతే ఇంకొకటి వచ్చింది. ఆ తొలి డయాగ్రమ్‌లలో బాణమే పని. రెండు బాణాలు కలిసే చుక్క ఒక ఘట్టం. ఆ పద్ధతిలో, ఒక పని మిగతా రెండిటి మీద ఆధారపడి, పక్కనున్న ఇంకో పని ఆ రెండిట్లో ఒకదానిమీదే ఆధారపడితే, పనేమీ లేని డమ్మీ బాణం ఒకటి గీయక తప్పదు. 1961లో స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జాన్ ఫాండల్ నిర్మాణ రంగం కోసమే, కంప్యూటర్ లేకుండా చేత్తో లెక్కేసుకునే పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులో పనిని ఘట్టం స్థానంలో పెట్టి, గీతను సంబంధానికి మాత్రమే వాడారు. ఇవాళ ప్రిమవెరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ లాంటి షెడ్యూల్ సాఫ్ట్‌వేర్లలో మనం చూసే పెట్టెల డయాగ్రమ్ ఆ దారిలోదే. నేనూ పెట్టెలే ఎంచుకున్నాను. డమ్మీ బాణం అంటే ఏమిటో ఫోర్‌మెన్‌కి వివరిస్తూ కూర్చుంటే, వాళ్లు చెప్పాల్సిన అసలు సంగతులకు టైమ్ ఉండదు.

సైట్ ఆఫీసులో పొడవాటి గోడ ఒకటి ఖాళీ చేయించి కాగితం అంటించాం. ఒక్కో పనికి ఒక్కో చీటీ. సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు, దాని ఆసరాలు) మేస్త్రి, ఊచలు వంచే బార్ బెండింగ్ ఫోర్‌మన్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ ఇంజనీర్లు, స్టోర్స్ చూసే ఆయన, అందరినీ పిలిచాం. ఎవరి పని చీటీ వాళ్ల చేతిలోనే ఉంటుంది, వాళ్లే అంటించాలి. పునాదితో మొదలుపెడతామని అందరూ అనుకున్నారు. నేను మాత్రం కుడి చివర ‘అప్పగింత’ అన్న చీటీ అంటించి, “ఇది జరగాలంటే దీనికి ముందు ఏం అయి ఉండాలి?” అని అడిగాను.

ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని వెనక్కి నడవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ముందు నుంచి మొదలుపెడితే మనకు అలవాటైన వరసే గోడ ఎక్కుతుంది: పునాది, స్తంభాలు, స్లాబులు, గోడలు, ప్లాస్టర్, రంగులు. వెనక నుంచి అడిగితే అలవాటు సాయం రాదు, ప్రతి అడుగూ ఆలోచించే వేయాలి. అప్పగింతకు ముందు ఫైర్ తనిఖీ. తనిఖీకి ముందు అలారం, పంపులు, లిఫ్టులు కలిపి చేసే పరీక్ష. ఆ పరీక్షకు శాశ్వత కరెంటు ఉండాలి. కరెంటు రావాలంటే ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెళ్లు బిగించి ఉండాలి. అవి బిగించాలంటే బేస్‌మెంట్‌లోని ఎలక్ట్రికల్ రూమ్‌కి ప్లాస్టర్, ఫ్లోరింగ్, తాళం పడే తలుపు అన్నీ అయిపోయి ఉండాలి, పైనుంచి చుక్క నీరు కారకూడదు. పాత బార్ చార్ట్‌లో ‘బేస్‌మెంట్ ఫినిషింగ్’ అని ఒకే పొడుగు గీత, అదీ దాదాపు చివర్లో ఉంది. గోడమీద చూస్తే ఆ ఒక్క గది మిగతా బేస్‌మెంట్ కంటే నెలల ముందే పూర్తవ్వాలని తేలింది. ఎలక్ట్రికల్ ఇంజనీర్‌కి ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు, అంతవరకూ ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

చీటీలన్నీ వరసలో పడ్డాక రోజుల లెక్క. రాఫ్ట్ పునాది (భవనం కింద అంతా పరుచుకునే ఒకే కాంక్రీటు పలక) వరకు ఉన్న చిన్న ముక్క చూపిస్తాను. తవ్వకం 10 రోజులు, ఆ తర్వాత పీసీసీ (ఊచలు లేని అడుగు కాంక్రీటు) 2, దానిమీద వాటర్‌ప్రూఫింగ్ 4. ఇంకోపక్క యార్డులో ఊచలు కోసి వంచడం 9 రోజులు, దీన్ని మొదటి రోజే మొదలుపెట్టొచ్చు అన్నారు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, వంచిన ఊచలు సిద్ధంగా ఉంటే, కట్టడం 6 రోజులు. వాటర్‌ప్రూఫింగ్ తర్వాతే రాఫ్ట్‌లో ఉండిపోయే పైపులు, ఎర్తింగ్ పట్టీలు వేయడం 3 రోజులు. రెండూ అయ్యాక కాంక్రీటు 1 రోజు.

ఎడమ నుంచి కుడికి కూడుకుంటూ వెళ్తే: తవ్వకం 10వ రోజుకి, పీసీసీ 12కి, వాటర్‌ప్రూఫింగ్ 16కి, ఊచలు కట్టడం 22కి, కాంక్రీటు 23కి ముగుస్తాయి. కుడి నుంచి ఎడమకు తీసేసుకుంటూ వస్తే, ఊచలు వంచడం 16వ రోజుకి ముగిసినా నష్టం లేదు. 9కే ముగుస్తుంది కాబట్టి 7 రోజుల ఫ్లోట్, అంటే మొత్తం పని ఆలస్యం కాకుండా ఆగగలిగే వ్యవధి. పైపులు 19కి ముగుస్తాయి, 22 వరకు ఆగొచ్చు కాబట్టి 3 రోజుల ఫ్లోట్. మిగతా గొలుసుకు ఫ్లోట్ సున్నా, అదే క్రిటికల్ పాత్.

లెక్క ఇక్కడికి వచ్చాక బార్ బెండింగ్ ఫోర్‌మన్ లేచి నిలబడ్డాడు. “సార్, మొదటి రోజే వంచాలంటే నా చేతిలో ఆమోదం అయిన బార్ బెండింగ్ షెడ్యూల్ ఉండాలి కదా. అది ఎప్పుడిస్తారు?” అన్నాడు. ఏ ఊచను ఎంత పొడవు కోసి ఎలా వంచాలో చెప్పే పట్టిక అది. డిజైన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆమోదానికి 14 రోజులు అన్నారు. కొత్త చీటీ ఒకటి రాసి ‘వంచడం’ ముందు అంటించాం. ఇప్పుడు వంచడం ముగిసేది 23వ రోజుకి, కట్టడం 29కి, కాంక్రీటు 30కి. ఏడు రోజులు పెరిగిందన్నది ఒక సంగతి. అంతకంటే పెద్ద సంగతి, క్రిటికల్ పాత్ గొయ్యిలోంచి లేచి డిజైన్ ఆఫీసు బల్ల మీదికి వెళ్లిపోయింది. తవ్వకానికి ఇప్పుడు 7 రోజుల ఫ్లోట్ ఉంది. రెండో ఎక్స్‌కవేటర్ తెప్పించి తవ్వకం తొందరగా ముగించాలన్న ఆలోచన అంతకుముందే నడుస్తోంది. దానివల్ల ఒక్క రోజు కూడా కలిసిరాదని గోడ చూసిన అందరికీ తెలిసిపోయింది. ఆ సాయంత్రమే డిజైన్ ఆఫీసుతో మాట్లాడి రాఫ్ట్ షెడ్యూల్‌ను ముందు వరసలోకి తెప్పించాం.

గీతలు గీస్తున్నప్పుడు నేను పట్టుబట్టిన నియమం ఒకటి ఉంది. గీత ఎవరు గీసినా కారణం చెప్పాలి, ఆ కారణం గీత పక్కన రాయాలి. కారణాలు చూస్తుంటే మూడు రకాలుగా విడిపోయాయి. కొన్ని వస్తువు స్వభావం వల్ల వచ్చేవి: స్తంభం పొయ్యకుండా పై స్లాబ్ వెయ్యలేం. కొన్ని మనుషులు, సామాను తక్కువ ఉండటం వల్ల వచ్చేవి: ఒకే ముఠా ఒక అంతస్తు ముగించి ఇంకో అంతస్తుకు వెళ్లాలి. కొన్ని ఆమోదాలు, తనిఖీలు, దారి ఇవ్వడం లాంటివాటి వల్ల. మొదటి రకానికి ఎరుపు, రెండోదానికి నీలం, మూడోదానికి ఆకుపచ్చ వాడాం. కారణం ఎవరూ చెప్పలేని గీతలు కూడా కొన్ని వచ్చాయి. “ఎప్పుడూ ఇలాగే చేస్తాం సార్” అన్నదే వాటికి ఆధారం. వాటిని చెరిపేశాం.

ఈ రంగుల వల్ల ఎంత మేలు జరిగిందో మూడో అంతస్తు స్లాబ్ దగ్గర తెలిసింది. సెంట్రింగ్ సామాను రెండు అంతస్తులకు సరిపడా మాత్రమే ఉంది. అందుకని మొదటి అంతస్తు సెంట్రింగ్ విప్పడం నుంచి మూడో అంతస్తు సెంట్రింగ్‌కి ఒక నీలం గీత ఉంది. పని వెనకబడుతోందని ఇంకో సెట్టు తెప్పించాలనుకున్నారు. తెప్పిస్తే ఒక్కో అంతస్తుకు పది రోజులు తగ్గుతాయని ఒక అంచనా. నీలం గీత తీసేసి లెక్క కట్టాం. ఎరుపు గీతలు అలాగే నిలబడ్డాయి: రెండో అంతస్తు స్లాబ్ పైన మనుషులు, సపోర్టులు పెట్టేంత గట్టిపడాలి, ఆ మీదట స్తంభాలు పోయాలి, కింద ఆసరా పోల్స్ ఎన్నాళ్లు ఉంచాలో స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పిన షరతు ఉంది. తగ్గింది నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులకు అంత సామాను అద్దె కట్టాలా అన్నది వేరే నిర్ణయం, కానీ నిర్ణయం తీసుకున్నవాళ్ల ముందు సరైన అంకె ఉంది. గీతలన్నీ ఒకే రంగులో ఉండి ఉంటే ఏది తీయొచ్చో ఏది తీయకూడదో ఎవరం చెప్పగలిగేవాళ్లం కాదు.

సంబంధాల రకాల గురించి కొంత చెప్పాలి. ముందు పని ముగిశాక తరువాతి పని మొదలవడం మామూలు సంబంధం, వీలైనంతవరకు దానికే కట్టుబడ్డాను. కలిసి మొదలయ్యే సంబంధం పెట్టి ఇన్ని రోజుల లాగ్ (మధ్యలో ఆగాల్సిన ఎడం) ఇవ్వడం సులువుగా కనిపిస్తుంది. బ్లాక్ వర్క్ మొదలైన 5 రోజులకు ప్లాస్టర్ మొదలుపెట్టొచ్చు అని రాసుకుంటాం. కానీ ఆ ఒక్క గీతే ఉంటే, బ్లాక్ వర్క్ మధ్యలో ఆగిపోయినా కాగితం మీద ప్లాస్టర్ ముందుకెళ్లిపోతుంది. లేని గోడకు ప్లాస్టర్ వేసినట్టు షెడ్యూల్ చూపిస్తుంది. అందుకని ముగింపుల మధ్య కూడా రెండో గీత కట్టాలి, లేదా పనినే చిన్న భాగాలుగా చేసి మామూలు సంబంధంతో కలపాలి. నేను రెండోదే ఎక్కువ చేశాను. చీటీలు పెరిగాయి, అయినా ప్రతి చీటీ ఏమంటుందో సైట్‌లో ఎవరైనా చదివి చెప్పగలరు.

క్యూరింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా నీళ్లు పట్టి తడిగా ఉంచడం, విషయంలోనూ అంతే. చాలామంది దాన్ని గీతమీద లాగ్‌గా రాస్తారు. వారానికి ఆరు రోజుల పని క్యాలెండర్‌లో 7 రోజుల లాగ్ ఇస్తే మధ్యలో సెలవు పడి 8 రోజులు అవుతుంది. కాంక్రీటుకు సెలవు లేదు, సెలవు రోజున కూడా గట్టిపడుతూనే ఉంటుంది. పైగా లాగ్‌కి పేరుండదు, బాధ్యత ఎవరిదో ఉండదు. క్యూరింగ్‌ను విడి పనిగా పెట్టి, దానికి ఏడు రోజుల క్యాలెండర్ ఇచ్చాను. నీళ్లు పట్టే మనిషి ఎవరన్నదీ ఆ చీటీమీదే రాశాం.

ఫాల్స్ సీలింగ్ దగ్గర మాత్రం టెన్షన్ పడ్డాం. సీలింగ్ మూసే ముందు స్ప్రింక్లర్ (మంటలు వస్తే పైనుంచి నీళ్లు చల్లే ఏర్పాటు) పని ముగియాలన్నారు ఫైర్ పని వాళ్లు. స్ప్రింక్లర్ హెడ్లు సరిగ్గా ఎక్కడికి దిగాలో తెలియాలంటే ముందు సీలింగ్ ఉండాలన్నారు వాళ్లే. రెండు చీటీలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో అయితే లూప్ ఉందని లెక్కే ఆపేస్తుంది. లూప్ కనిపిస్తే నేను గీతను అనుమానించను, చీటీని అనుమానిస్తాను. పనిని తగినంత చిన్నగా విడగొట్టనప్పుడే అది వస్తుంది. పైన మెయిన్ పైపులు వేసి ప్రెషర్ టెస్ట్, తర్వాత సీలింగ్ ఫ్రేమ్, తర్వాత స్ప్రింక్లర్ డ్రాప్‌లు (కిందికి దిగే గొట్టాలు), పై భాగం తనిఖీ, చివరగా టైల్స్ మూయడం. రెండు చీటీలు ఐదయ్యాక లూప్ విడిపోయింది. ఆ ఇద్దరు కాంట్రాక్టర్ల మధ్య ఎప్పుడూ నడిచే గొడవకు కూడా అక్కడే దారి దొరికింది.

గోడమీద అంతా కుదిరాక సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం పెద్ద పని కాలేదు. ఎక్కించాక పరీక్షలు. మొదటి పనికి తప్ప ప్రతి పనికీ ముందు ఒకటి, చివరి పనికి తప్ప ప్రతి పనికీ తర్వాత ఒకటి ఉండాలి. వేలాడుతున్న పనులు ఎంత ఆలస్యమైనా షెడ్యూల్‌కి తెలియదు. గట్టిగా బిగించిన తేదీలను కాంట్రాక్టులో ఉన్నవాటికే పరిమితం చేశాను. తేదీ బిగిస్తే గీతలు చెప్పే మాట వినపడదు. ఆ తర్వాత నాకు బాగా నమ్మకమున్న పరీక్ష: క్రిటికల్ పాత్ మీద ఒక పనికి ఊరికే 100 రోజులు కలిపి చూడటం. అప్పగింత తేదీ కూడా దాదాపు అన్ని రోజులు వెనక్కి జరగాలి. జరగకపోతే మధ్యలో ఎక్కడో గీత తెగి ఉంది, లేదా ఎవరో తేదీ బిగించారు. ఇలా ఒక్కో ప్రాంతంలో ఒక పని తీసుకుని చేశాను.

పని సగంలో ఉండగా క్లయింట్ నుంచి ఒక కోరిక వచ్చింది: గ్రౌండ్ ఫ్లోర్ ముందుగా ఇస్తారా? గోడమీద ‘గ్రౌండ్ ఫ్లోర్ అప్పగింత’ అని కొత్త చీటీ పెట్టి, మళ్లీ అదే ప్రశ్నతో వెనక్కి నడిచాం. పై అంతస్తుల ఫినిషింగ్ ఈ దారిలో లేదు, లిఫ్టులూ లేవు. కానీ ఫైర్ పంపులు ఉన్నాయి, శాశ్వత కరెంటు ఉంది, దాని వెనక ఎలక్ట్రికల్ రూమ్, ట్రాన్స్‌ఫార్మర్ అలాగే ఉన్నాయి. వెనకబడి ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డర్. డ్రాయింగ్ మీద చిన్న అభ్యంతరంతో అది ఆగి ఉంది. అడిగిన తేదీకి ఇవ్వలేమని, అభ్యంతరం తీర్చి ఆ వారంలోనే ఆర్డర్ పంపితే అడిగిన తేదీకి ఆరు వారాల తర్వాత ఇవ్వగలమని, మధ్యలో ఏయే గీతలు అడ్డున్నాయో కారణాలతో సహా ఒక పేజీలో రాసిచ్చాం. రెండు రోజుల్లో అభ్యంతరం తీరింది, ఆర్డర్ ఆ వారమే వెళ్లింది.